సీటు చిరిగింది: బాగు చేయించాలా, కొత్తది వేయించాలా?

ఆటో డ్రైవర్ల సేవలో – లబ్ధిదారులకు పాఠం: కారు సీట్లు
(ఈ పీడీఎఫ్‌ను మీ స్టాండు గ్రూపులో పంచుకోవచ్చు)

'ఆటో డ్రైవర్ల సేవలో' పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2025 అక్టోబరు 4న విజయవాడలో ప్రారంభించింది. సొంత బండిని తామే నడుపుకునే ఆటో, మోటార్ క్యాబ్, మ్యాక్సీ క్యాబ్ డ్రైవర్లకు ఏడాదికి రూ.15,000 సాయం నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. బీమా, ఫిట్‌నెస్, రిపేర్ల ఖర్చుకు ఇది ఆసరా. డబ్బు పడగానే చాలామందికి ముందు కంటికి కనబడేది సీటు. రోజూ పది, పన్నెండు గంటలు దాని మీదే కూర్చుంటాం కదా. డోరు వైపు అంచు అరిగిపోయి ఉంటుంది, మధ్యలో పగుళ్లు, ఎక్కిన ప్యాసింజరు ముఖం అదోలా పెడతాడు. షాపుకు వెళితే "మొత్తం ఫుల్ లెదర్ సెట్ వేసేద్దాం అన్నా" అంటారు. ఆ మాటకు 'సరే' అనే ముందు ఈ పాఠం చదవండి. చాలా సీట్లకు మొత్తం సెట్ అక్కర్లేదు. కొన్నింటికి మాత్రం ఎంత రంగు పూసినా డబ్బు దండగే. ఏది ఏదో మీరే పోల్చుకోవచ్చు.

ముందు ఏ ఖర్చు?

సీటు కన్నా ముందు కాగితాలు. థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కకూడదు. రవాణా వాహనానికి కొత్తప్పటి నుంచి 8 ఏళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఫిట్‌నెస్ గడువు దాటితే చట్టం దృష్టిలో ఆ బండికి రిజిస్ట్రేషనే చెల్లనట్టు లెక్క. ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్‌కు కూడా చిక్కే. చిరిగిన సీటుతో బండి తిరుగుతుంది, ఫిట్‌నెస్ లేకుండా తిరగదు. ఈ రెండూ, బ్రేకులూ టైర్లూ చూసుకున్నాక మిగిలిన దాంట్లోంచే సీటు పని.

మీ సీటు నిజంగా లెదరేనా?

మన దగ్గర నున్నగా మెరిసే సీటునల్లా లెదర్ అనేస్తారు. అందులో ఎక్కువ భాగం రెగ్జిన్. రెగ్జిన్ అనేది ఇంగ్లండులో ఒక కంపెనీ తన సరుకుకు పెట్టుకున్న పేరు, మనకు ఆ జాతి గుడ్డకంతటికీ అదే పేరయింది. గుడ్డ మీద ప్లాస్టిక్ పూత పూస్తే రెగ్జిన్. 'ఆర్ట్ లెదర్', 'పీయూ లెదర్', 'లెదరెట్' అని ఏ పేరు పెట్టినా లోపల గుడ్డే. కంపెనీ నుంచి 'లెదర్ సీట్లు' అని వచ్చిన కార్లలో కూడా చాలావాటికి మనం కూర్చునే మొహం వైపు మాత్రమే తోలు ఉంటుంది, పక్కలూ వెనకా రెగ్జినే.

పోల్చుకోవడానికి వాసన చూడకండి, ఆ వాసన సీసాలో దొరుకుతుంది. పైన కనిపించే గీతలు కూడా నమ్మకండి, అచ్చు వేసి ఆ గీతలు దేని మీదైనా తెప్పిస్తారు. అగ్గిపుల్ల పరీక్ష అసలొద్దు. సీటు కింద చెయ్యి పెట్టి కవరు అంచు తిప్పి వెనక వైపు చూడండి. నూలు అల్లిక కనిపిస్తే రెగ్జిన్. అల్లిక లేకుండా నూగులా, పీచులా ఉంటే తోలు.

కొనేటప్పుడు ఇంకో గుర్తు ఉంది, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. రెగ్జిన్ థాను నుంచి మీటర్ల లెక్కన కోసి అమ్ముతారు, పన్నా మామూలుగా 54 అంగుళాలు. తోలుకు థాను ఉండదు. పశువు చర్మం ఏ ఆకారంలో వస్తే ఆ ఆకారమే, అందుకే చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. అంచులు వంకరగా ఉంటాయి, మచ్చలుంటాయి, కోతలో కొంత వృథా పోతుంది. ఎవరన్నా మీకు 'ఒరిజినల్ లెదర్' మీటరు ఇంత అని చెప్పారంటే అది లెదర్ కాదు. రెగ్జిన్ తప్పు సరుకేం కాదు, టాక్సీకి మంచి రకం రెగ్జినే మేలని మా అభిప్రాయం: తుడిస్తే పోతుంది, వాన నీటికి భయం లేదు. కానీ రెగ్జిన్‌కు తోలు ధర ఇవ్వకూడదు.

తోలు సీటు: పైపొర పోయిందా, తోలే పోయిందా?

కారు తోలు మీద రంగు, దాని మీద పల్చటి రక్షణ పూత ఉంటాయి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ప్యాంటు రాసుకునే డోరు వైపు అంచు దగ్గర ముందు ఆ పూత పోతుంది. చూసేవాళ్లకు సీటు చచ్చిపోయినట్టు ఉంటుంది గానీ కింద తోలు గట్టిగానే ఉండొచ్చు. పగులు దగ్గర రెండు వేళ్లతో మెల్లిగా సాగదీసి చూడండి. లోపల లేత రంగు పీచు కనబడి, లాగినా ఆగుతుంటే పైపొర మాత్రమే పోయింది, అది బాగవుతుంది. లోపలి ఫోమ్ కనబడినా, తోలు అప్పడంలా విరుగుతున్నా ఆ ముక్క మార్చాల్సిందే.

పైపొర పనికి పద్ధతి ఉంది. ముందు సబ్బు నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో మురికి తీయాలి. తర్వాత స్పిరిట్‌తో జిడ్డు తీయాలి. 400 నుంచి 600 నంబరు ఎమరీ పేపరుతో తేలిగ్గా రుద్దాలి. పగుళ్లలో లెదర్ ఫిల్లర్ పల్చగా పెట్టి, ఆరనిచ్చి, రుద్ది, మళ్లీ పెట్టాలి. ఒకేసారి మందంగా పెడితే కూర్చోగానే అది మళ్లీ పగులుతుంది. తర్వాత లెదర్‌కని తయారుచేసిన నీటి రంగు పల్చటి పూతలుగా మూడు నాలుగు, చివర రక్షణ పూత. ఒక సీటుకు ఒక పూట పని, ఆ రాత్రి దాని మీద ఎవరూ కూర్చోకూడదు. అరగంటలో చేసేస్తామన్నారంటే మురికి మీదే రంగు కొడుతున్నారన్నమాట. ఎండాకాలం రెండు వారాలు తిరిగేసరికి ఆ రంగు మీ చొక్కాకు అంటుతుంది.

డ్యాష్‌బోర్డు మెరుపు స్ప్రే సీటు మీద కొట్టే అలవాటు ఉంటే పనివాడికి ముందే చెప్పండి. అందులో సిలికాన్ ఉంటుంది. అది పూర్తిగా పోకుండా వేస్తే ఏ రంగూ పట్టదు.

కుట్టు మాత్రమే ఊడితే అసలు ఖర్చే లేదు. గమ్ పెట్టనివ్వకండి. పాత రంధ్రాల్లోంచే పాలిస్టర్ దారంతో మళ్లీ కుట్టించండి. నూలు దారం చెమటకూ ఎండకూ పుచ్చిపోతుంది. చిన్న చిరుగుకైతే వెనక గుడ్డ ముక్క దూర్చి, సాగే జిగురుతో అతికి, పైన ఫిల్లర్ పెడతారు. అంచుల్లో ఇది నిలుస్తుంది, సరిగ్గా కూర్చునే చోట నిలవదు.

రెగ్జిన్ పొట్టు లేస్తోందా?

పీయూ రకం రెగ్జిన్ కొన్నేళ్లకు పొట్టు పొట్టుగా రాలుతుంది. తేమ, వేడి కలిసి ఆ పూత తనంతట తానే విడిపోతుంది, మన వాడకం తప్పేం కాదు. దీనికి రిపేరు లేదు. రంగు వేస్తే ఆ రంగు కూడా పొట్టుతో పాటే లేస్తుంది. పీవీసీ రకమైతే పొట్టు లేవదు, బిగుసుకుపోయి పగులుతుంది. అదీ అంతే. అయినా మొత్తం సెట్ మార్చనక్కర్లేదు. సీటు కవరు చాలా ముక్కలు కలిపి కుట్టింది. పాడైన ముక్కను విప్పి, దాన్నే నమూనాగా పెట్టి కొత్త ముక్క కోసి కుట్టడం కుషన్ వర్క్స్‌లో మామూలు పని. విజయవాడ ఆటోనగర్‌లో గానీ గాజువాకలో గానీ అడగండి, చేస్తారు. రంగు అచ్చంగా కలవకపోవచ్చు. ముందు రెండు సీట్లకూ ఒకే చోట ముక్క మార్పిస్తే అది డిజైన్ లాగే కనిపిస్తుంది.

ఆటో డ్రైవర్లకు ఒక మాట. మీ సీటు రెగ్జిన్, ఫోమ్, కింద బల్ల. వాన నీళ్లు కుట్లలోంచి దిగి ఫోమ్‌లో నిలిచిపోతాయి, వాసన అక్కడిదే. కవరు మార్చేటప్పుడు ఫోమ్ ఎండబెట్టించి, మధ్యలో ప్లాస్టిక్ పట్టా ఒక పొర వేయించండి.

కవరు కన్నా ముందు ఫోమ్ చూడండి

అందరూ వదిలేసేది ఇదే, నడుం నొప్పి మొదలయ్యేదీ ఇక్కడే. ముందు పక్క సీట్లో కూర్చోండి, తర్వాత మీ సీట్లో కూర్చోండి. మీ సీటు కిందికి దిగిపోయినా, ఒక పక్కకు ఒరిగినా, పిడికిలితో నొక్కితే లోపలి ఇనుము తగిలినా ఫోమ్ పోయినట్టే. దాని మీద ఎంత ఖరీదు కవరు వేసినా రెండు నెలల్లో ముడతలు పడి, ఆ ముడతల దగ్గరే మళ్లీ చిరుగుతుంది. అణిగినంత మేర కోసి గట్టి ఫోమ్ అతికించవచ్చు. కింద స్ప్రింగు తీగ తెగి ఉంటే ముందు అది సరిచేయించి, తీగకూ ఫోమ్‌కూ మధ్య గోనె గుడ్డ వేయించండి. లేకపోతే ఆ తీగ కొత్త ఫోమ్‌ను కూడా కోసేస్తుంది. చేతిలో డబ్బు ఒక్క పనికే సరిపోతే ఫోమ్ బాగు చేయించి, పైన పాత కవరే వేసుకోండి. బండి అందంగా ఉండదు, నడుం బాగుంటుంది.

ఎయిర్‌బ్యాగ్, బెల్టు – ఇక్కడ తప్పు జరిగితే ప్రాణం మీదికే

ఈ మధ్య వచ్చే చాలా కార్లలో 6 ఎయిర్‌బ్యాగులు ఇస్తున్నారు. అందులో రెండు ముందు సీట్ల వీపు భాగంలో, డోరు వైపు కుట్టు లోపల ఉంటాయి. అక్కడ ఎయిర్‌బ్యాగ్ అని చిన్న ట్యాగు కుట్టి ఉంటుంది. గుద్దుకున్నప్పుడు కంటి రెప్పపాటు కన్నా ముందే ఆ కుట్టు చీల్చుకుని బ్యాగు బయటికి రావాలి. దాని మీద మామూలు కవరు తొడిగి గట్టి దారంతో కుట్టేస్తే అది సరిగా రాదు. ఆ ట్యాగు ఉంటే ఆ పక్క తెరిచి ఉంచిన కవరు గానీ, ఆ మోడల్ కోసమే ఎయిర్‌బ్యాగ్ కుట్టుతో చేసిన కవరు గానీ తీసుకోండి. ఆ కుట్టు దగ్గర రిపేరు ఉంటే కుషన్ షాపులో చేయించవద్దు, కంపెనీ సర్వీసులో అడగండి.

సీటు బయటికి తీయాల్సి వస్తే కింద పసుపు రంగు కనెక్టరు ఉందేమో చూడమనండి. ఉంటే ముందు బ్యాటరీ నెగటివ్ తీసి, మీ కారు పుస్తకంలో చెప్పినంత సేపు ఆగి, అప్పుడే కనెక్టరు ఊడదీయాలి. సీటు బయట ఉండగా తాళం తిప్పితే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరకుండా ఉండిపోవచ్చు. దాన్ని ఆర్పడానికి మళ్లీ స్కానరు ఖర్చు. పక్క సీట్లో మనిషి కూర్చున్నాడని చెప్పే సెన్సరు కూడా కొన్ని కార్లలో కుషన్ లోపలే ఉంటుంది, ఫోమ్ కోసేవాడికి ఈ సంగతి చెప్పండి.

వెనక సీటుది ఇంకో సంగతి. కొత్త కవరు వేసేటప్పుడు వెనక బెల్టు బకిల్స్ కిందికి తోసేసి పైన కప్పేస్తున్నారు. వెనక కూర్చున్నవాళ్లూ బెల్టు పెట్టుకోవాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధన 138(3) చెబుతోంది. పెట్టుకోకపోతే చట్టం 194బీ కింద జరిమానా రూ.1,000. బకిల్ కవరు కింద ఉంటే ప్యాసింజరు పెట్టుకుందామన్నా కుదరదు. పని అయ్యాక డబ్బు ఇచ్చే ముందు మీరే వెనక కూర్చుని ప్రతి బెల్టూ పెట్టి, తీసి చూడండి. ఒక్కటి దొరక్కపోయినా కవరు విప్పించండి. ఆర్సీలో ఉన్న సీట్ల సంఖ్యను మాత్రం ఎవరు చెప్పినా మార్చవద్దు.

షాపులో

బిల్లు మీద 'సీటు కవర్లు' అని ఒక్క ముక్క రాస్తే ఒప్పుకోవద్దు. తోలా, రెగ్జినా, ఎన్ని మీటర్లు లేదా ఎన్ని చదరపు అడుగులు, ఫోమ్ మార్చారా, కూలి ఎంత అన్నది విడిగా రాయించండి. వాడిన గుడ్డ ముక్క ఒకటి బిల్లుకు పిన్ను కొట్టించుకోండి. తీసేసిన పాత ఫోమ్ మీ కళ్లతో చూడండి. పథకం డబ్బు ఏ షాపు ద్వారానూ రాదు. "మా దగ్గర కవర్లు వేయించుకుంటే పథకంలో పేరు ఎక్కిస్తాం" అని ఎవరన్నా అంటే నమ్మకండి, ఓటీపీ చెప్పకండి. అర్హత, చెల్లింపు గురించి అనుమానం ఉంటే మీ సచివాలయంలో అడగండి.

తర్వాత రోజువారీ

వారానికోసారి తడి గుడ్డతో తుడిచి పొడి గుడ్డతో ఒత్తితే చాలు. కొబ్బరినూనె రాయకండి, అది దుమ్ము పట్టి కుట్లలోకి దిగుతుంది. శానిటైజర్ చేతికి మంచిదే, సీటు పూతను మాత్రం కరిగిస్తుంది. పూసల సీటు గాలి ఆడటానికి బాగానే ఉంటుంది గానీ తోలు మీద వేస్తే పూసలు పూతను అరగదీస్తాయి, కింద పల్చటి గుడ్డ పరవండి. తలనూనె మరక పడే చోట తెల్ల టవల్ వేయడం మన డ్రైవర్ల పాత అలవాటే. మంచి అలవాటు, వారానికి రెండుసార్లు ఉతకండి. ఎండలో నిలిపితే అద్దానికి అట్ట పెట్టండి. దిగేటప్పుడు అంచు మీద జారకుండా, స్టీరింగు పట్టుకుని కాస్త లేచి దిగితే ఆ డోరు వైపు అంచు ఇంకో రెండేళ్లు ఎక్కువ వస్తుంది.