బ్రష్షులు లేని మోటారునకు చౌకయగు స్థానసూచి

మోటారు తిరుగవలెనన్న, దాని తీగచుట్టలలో విద్యుత్ప్రవాహము తగిన సమయమున మారుచుండవలెను. పాతరకపు మోటారులలో ఈ పనిని ఇరుసుపైనుండు రాగిబద్దలును, వానిని రాయుచుండు బొగ్గుబ్రష్షులును చేయును. బ్రష్షులు లేని మోటారులో చుట్టలు కదలక యుండును; అయస్కాంతములే తిరుగును. కావున ఇరుసు ఎచ్చట నున్నదో ప్రవాహమును మార్చు పరికరమునకు వేఱుగా తెలుపవలెను.

తెలుపకయే నడుపు పద్ధతియు కలదు. తిరుగు అయస్కాంతములు చుట్టలలో పుట్టించు వోల్టేజిని బట్టి స్థానమును గణింతురు. అయితే మోటారు నిలిచియున్నప్పుడు ఆ వోల్టేజి శూన్యము. ఇంటి పంకాకు ఇది పెద్ద లోపము కాదు. మనుష్యుని మోయుచు ఎగువబాటలో ఆగిన విద్యుత్ సైకిలు మరల కదలవలసినప్పుడో, చక్రము వణకి వెనుకకు జారవచ్చును.

1879లో ఎడ్విన్ హాల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు కనుగొన్న ధర్మము ఇచ్చట తోడ్పడును. ప్రవాహము గల పలుచని రేకునకు లంబముగా అయస్కాంతక్షేత్ర ముండిన, రేకు ప్రక్కఅంచుల నడుమ స్వల్పమైన వోల్టేజి పుట్టును. ఈ ధర్మముతో పనిచేయు చిప్పులు నేడు చౌకగా దొరకును. వ్యాసము వెంట ధ్రువములు గల చిన్న గుండ్రని అయస్కాంతమును ఇరుసు కొనకు అమర్చి, ఒకటి రెండు మిల్లీమీటర్ల యెడమున చిప్పును నిలుపవలెను. 12 బిట్ల చిప్పు ఒక చుట్టును 4096 భాగములుగా చూపును. ఇరుసు కదలకున్నను స్థానమును చెప్పును.

ఇరుసు ఇనుముతో చేసినదైన బలరేఖలను తనలోనికి లాగుకొనును. కావున నడుమ అల్యూమినియము తొడుగు మేలు.

అంటించుటయే అసలు పని. 14 ధ్రువముల మోటారులో ఇరుసు ఒకసారి తిరుగునప్పటికి విద్యుత్ చక్రము 7 మారులు తిరుగును. ఇరుసుపై 1 డిగ్రీ తప్పు 7 విద్యుత్ డిగ్రీల తప్పగును. అది 60 డిగ్రీలైన త్రిప్పుబలము సగమగును. 90 అయిన బలమే యుండదు. అంతకు మించిన మోటారు ఎదురు తిరుగును. ఇంతటి అనర్థమునకు ఇరుసుపై 13 డిగ్రీల తప్పు చాలును!

అయినను అయస్కాంతమును ఏ కోణమున అంటించినను భయము లేదు. బరువు తీసివేసి, ఒక చుట్టలో కొలది ప్రవాహమును నిలుకడగా పంపిన ఇరుసు తానే ఒకచోట కుదురుకొనును. అప్పుడు చిప్పు చూపు సంఖ్యను సున్నగా గైకొనవలెను. తరువాత జిగురు జారెనా, ఆ సున్న అబద్ధమగును. ప్రవాహము చక్రమును త్రిప్పుటకు మాఱు చుట్టలను కాల్చును. నా మట్టుకు చిప్పు వెలకంటె జిగురు నాణెమునే ముందు చూచెదను. ఇరుసు కొననుండి నూనెను బాగుగ తుడిచి, అంటించి, ఒక రాత్రి ఆఱనిచ్చి, కొన్నాళ్లు నడపిన పిదప ఆ సున్నను మరల సరిచూడవలెను.