మంత్రసాని ఆగ్నెస్

స్కాట్లండు దేశమున ఆగ్నెస్ సాంప్సన్ అను మంత్రసాని యుండెను. పురుళ్లు పోయుట, రోగులకు ఉపచారము చేయుట ఆమె వృత్తి.

ఆ దేశపు రాజగు ఆరవ జేమ్సు 1589లో డెన్మార్కు రాకుమారిని వివాహమాడి, మరుసటి యేడు స్వదేశమునకు మరలెను. ఆ సముద్రయానములకు తుపానులు అడ్డు తగిలెను. అది మంత్రగత్తెల పనియని పుకారు పుట్టెను. ప్రాణములు నిలిపిన చేతులకే సంకెళ్లు పడెను. రాజే స్వయముగా ఆగ్నెసును విచారించెను. తొలుత ఆమె నేరము నంగీకరింపలేదు. నిద్ర పోనీయక హింసింపగా, తుదకు ఒప్పుకొనెను. బాధ పలికించిన మాటయే సాక్ష్యమయ్యెను! 1591 జనవరిలో ఎడింబరో నగరమున ఆమెను గొంతు బిగించి చంపి, దేహమును దహించిరి.

1563 నాటి మంత్రవిద్యా శాసనము 1736లో రద్దయ్యెను. 2022లో స్కాట్లండు ప్రభుత్వము నిందితులందరికి క్షమార్పణ చెప్పెను.

బాలలారా! పదిమంది పలికినంత మాత్రమున నింద నిజము కాదు. కారణము తెలియనిచోట దానిని వెదకవలెను గాని, దోషిని కల్పింపరాదు.