ఓవర్‌హాలింగు తరువాత డీజిలు ఇంజను: కామ్ షాఫ్టు, వాల్వుల విషయములో జాగ్రత్తలు

వరి పొట్ట మీద ఉన్నప్పుడు నీటి ఎద్దడి వచ్చినచో తాలు గింజలు పెరుగును. సరిగా అట్టి సమయముననే, వేలు పోసి ఓవర్‌హాలింగు చేయించిన ఇంజను టకటక కొట్టుకొని ఆగిపోవుట కద్దు. విప్పి చూచినచో పిస్టను, లైనరు, రింగులు కొత్తవిగానే ఉండును. పాడైనది అరిగిన కామ్ షాఫ్టు, లేదా వంగిన పుష్ రాడ్డు, లేదా విరిగిన వాల్వు. పంపుసెట్టుకైనను, ట్రాక్టరుకైనను ఈ చేటునకు బీజము తరచు ఇంజను బిగించు నాడే పడును.

కామ్ షాఫ్టు క్రాంకు షాఫ్టులో సగము వేగముతో తిరుగును. నిమిషమునకు 1500 చుట్లు తిరుగు ఇంజనులో ప్రతి వాల్వు నిమిషమునకు 750 సార్లు, అనగా గంటకు 45,000 సార్లు తెరచి మూసికొనును. ప్రతిసారియు స్ప్రింగు బలము కాము ముక్కు మీద సన్నని గీత వంటి చోటున పడును. అచ్చట ఇనుమును కాపాడునది పలుచని ఆయిలు పొర మాత్రమే.

టాపెట్టు అడుగు కంటికి చదునుగా కనబడును గాని, చాలా ఇంజనులలో అది రవ్వంత ఉబ్బెత్తుగా ఉండును. అందువలన కాము దానిని పైకెత్తుచునే మెల్లగా త్రిప్పుచుండును. తిరుగుట మానిన టాపెట్టు ఒకేచోట రాపిడి పొంది కొద్ది గంటలలోనే కామును తినివేయగలదు. కనుక కొత్త కామ్ షాఫ్టుకు పాత టాపెట్లు వేయరాదు. కొంత సొమ్ము మిగులునని మేస్త్రీ చెప్పినను ఒప్పుకొనవద్దు. పాత కామ్ షాఫ్టునే మరల వాడునప్పుడు, ఏ గూటి టాపెట్టును ఆ గూటిలోనే వేయవలెను. అన్నింటిని ఒకే డబ్బాలో వేసి డీజిలుతో కడుగుట కొందరు మేస్త్రీలకు అలవాటు. విప్పునప్పుడు మీరు దగ్గర నుండి గుర్తులు పెట్టించుడు.

బిగించునప్పుడు కాము ముక్కులకు, టాపెట్ల అడుగులకు మాలిబ్డినం కలిసిన పేస్టు పూయించవలెను. ఇంజను పుస్తకములో చెప్పిన డీజిలు ఇంజను ఆయిలునే పోయవలెను. కొత్త పెట్రోలు కార్లకు అమ్ము పలుచని ఆయిలు పనికిరాదు. పొగగొట్టములోని శుద్ధి పరికరము చెడకుండుటకై అట్టి ఆయిళ్లలో అరుగుదలను ఆపు జింకు, భాస్వరముల పాలు తగ్గించినారు. పైరుకు కావలసిన ఈ రెండును కామునకు కూడ అక్కరకు వచ్చుట విశేషమే.

మొదటిసారి నడుపుటకు ముందు, డీకంప్రెషను లీవరు ఉన్న ఇంజనులో దానిని ఎత్తి, డీజిలు కట్టివేసి, రాకర్ల వద్దకు ఆయిలు చేరువరకు హ్యాండిలుతో త్రిప్పవలెను. స్టార్టు అయిన తరువాత చాలాసేపు మెల్లగా నడిపి "అలవాటు" చేయుట మంచిదని పలువురి నమ్మకము. కొత్త కామునకు ఇది హాని. వేగము తక్కువైనప్పుడు కాములకు చేరు ఆయిలు తక్కువ, ముక్కు మీద స్ప్రింగు ఒత్తిడి ఎక్కువ. తయారీదారు వేరుగా చెప్పనిచో, తక్కువ బరువుతో, మామూలు వేగమునకు దగ్గరగా 20 నుండి 30 నిమిషములు నడిపి, చల్లారిన పిమ్మట టాపెట్ల సందు మరల చూడవలెను.

ఇక గవర్నరు సంగతి. నీరు ఎక్కువ వచ్చునని గవర్నరు స్ప్రింగును బిగించుట మన పొలములలో లేకపోలేదు. వేగము నూటికి 10 వంతులు పెంచినచో పంపు నీరు కూడ సుమారు 10 వంతులే పెరుగును. కాని పంపు కోరు శక్తి 33 వంతులు పెరుగును. వాల్వును వెనుకకు లాగు స్ప్రింగుకు పని 21 వంతులు హెచ్చును. హద్దు దాటినప్పుడు స్ప్రింగు వాల్వును సకాలమున మూయలేదు. డీజిలు ఇంజనులో పిస్టనుకు, వాల్వుకు నడుమ చోటు మిక్కిలి స్వల్పము. పిస్టను వచ్చి తగిలినచో పుష్ రాడ్డు వంగును, లేదా వాల్వు తల తెగి సిలిండరులో పడును. హెడ్డును గీయించినప్పుడు ఈ చోటు ఇంకను తగ్గును గనుక దానిని కొలిపించి తీరవలెను. పాత స్ప్రింగుల నిడివిని కొత్తదానితో పోల్చి, పొట్టివైనచో అన్నింటిని మార్చవలెను.

టాపెట్ల సందును ఫీలర్ గేజితో, పుస్తకములో ఉన్న కొలతకు, అందులో చెప్పినట్లు చల్లగానో వేడిగానో ఉన్నప్పుడు పెట్టవలెను. ఆ కొలతను తేదీతో గోడ మీదనైన వ్రాసి ఉంచుడు. యంత్రములను అద్దెకిచ్చు సంఘములైనచో లాగు పుస్తకములో వ్రాయించవలెను. సందు ప్రతిసారి తగ్గుచున్నచో వాల్వు తన సీటులోనికి దిగుచున్నదని గ్రహింపుడు. సరిచేసిన కొద్ది దినములకే మరల పెరిగి చప్పుడు వచ్చుచున్నచో, నట్టు వదులు కానప్పుడు, సాధారణముగా అరుగుచున్నది కాము లేక టాపెట్టు. ఆయిలు దింపి అయస్కాంతము ముంచి చూడుడు. ఇనుప రజను అంటినచో ఇంజనును నడపక విప్పించవలెను. ఆ రజను ఆయిలుతో పాటు బేరింగులకు పోవును.