మెట్టు మెట్టుకూ మారే ఆట

తెలుగువారికి పులిజూదం కొత్త కాదు. మూడు పులులు, పదిహేను మేకలు. దీనినే తమిళనాట ఆడుపులి ఆట్టమనీ, కన్నడ సీమలో ఆడుహులి ఆట అనీ అంటారు. పాత గుడి మండపాల్లో రాతిబండల మీద చెక్కిన ఈ ఆటగీతలు నేటికీ కనిపిస్తాయి. ఇందులో ఇరుపక్షాల బలం సమానం కాదు. పులి మేక మీదుగా దూకి దాన్ని చంపగలదు. మేక చంపలేదు, తోటి మేకలతో కలిసి నిలిచి పులికి దారి మూయడమే దాని పని. పైగా ఒకరు ఎత్తు వేసేదాకా మరొకరు ఆగాలి. కనుక ఇక్కడ చేతివేగంతో పనిలేదు, ఆలోచనతోనే పని.

ఇలా వంతులవారీగా ఆడే ఆటలు కంప్యూటరులోకీ వచ్చాయి. వాటిలో పేరుపొందినది 'సివిలిజేషన్'. సిడ్ మేయర్, బ్రూస్ షెల్లీ రూపొందించిన ఈ ఆట 1991లో వెలువడింది. ఆటగాడు క్రీ.పూ. 4000లో ఒక చిన్న బృందంతో బయలుదేరి ఊరు కడతాడు. పొలాలకు నీరు పారిస్తాడు, బాటలు వేస్తాడు, లిపి, చక్రం వంటి విద్యలను ఒక్కొక్కటిగా సాధిస్తాడు. ఇరుగుపొరుగు రాజ్యాలను కంప్యూటరు నడుపుతుంది.

ఆ తొలి ఆటలో ఐదు స్థాయిలు ఉండేవి: చీఫ్‌టెన్, వార్‌లార్డ్, ప్రిన్స్, కింగ్, ఎంపరర్. అన్నిటికంటె సులువైన చీఫ్‌టెన్ స్థాయిలో ఊరిలోని మొదటి ఆరుగురు పౌరులు ఏమీ చేయకపోయినా తృప్తిగా ఉంటారు. ఎంపరర్ స్థాయిలో ఇద్దరే. మూడోవాడు పుట్టేసరికి గుడి కట్టడమో, మరో ఏర్పాటు చేయడమో జరగాలి. లేకుంటే ఊరిలో అల్లర్లు మొదలై పనులన్నీ ఆగిపోతాయి. నిన్నటిదాకా గెలుస్తున్న ఆటగాడు నేడు సొంత ఊరిని అదుపులో పెట్టుకోలేక తలపట్టుకుంటాడు.

2016లో వచ్చిన ఆరవ సివిలిజేషన్‌లో స్థాయిలు ఎనిమిది. వాటిలో ప్రిన్స్ స్థాయిలో ఇరువైపులా బలం సమానం. అంతకు కిందిస్థాయిల్లో ఆటగాడికి మొగ్గు. పైకి పోయేకొద్దీ మొగ్గు కంప్యూటరు వైపు తిరుగుతుంది. చిట్టచివరిది డెయిటీ, అంటే దేవతాస్థాయి. అక్కడ ఆటగాడు ఒక్క వలసబృందంతో మొదలుపెడితే, కంప్యూటరు నడిపే ప్రతి రాజ్యమూ మూడు బృందాలతో మొదలుపెడుతుంది. యుద్ధంలోనూ వాటి సైన్యాలకు అదనంగా నాలుగు పాళ్ల బలం చేరుతుంది.

స్థాయి పెరిగితే కంప్యూటరు తెలివి పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. చదరంగంలో అయితే అది కొంత నిజమే. స్థాయి పెంచితే యంత్రం మరిన్ని ఎత్తులు ముందుకు చూడగలదు. ఇక్కడ అలా కాదు. బుద్ధి పాతదే, పెట్టుబడి మాత్రం ఎక్కువ. యంత్రానికి లేని గుణాలు అంటగట్టడం మనిషికి అలవాటు. తొలి ఆటలో ఒక పొరపాటు వల్ల గాంధీ పాత్ర అణుబాంబులు వేసేదని ఏళ్ల తరబడి ప్రచారం సాగింది. అటువంటి పొరపాటు ఏదీ లేదని 2020లో తన జ్ఞాపకాల పుస్తకంలో సిడ్ మేయరే చెప్పాడు.

ఈ రహస్యం తెలిసినవాడి ఆట తీరే మారుతుంది. ప్రిన్స్ స్థాయిలో పిరమిడ్లు, వేలాడే తోటలు వంటి అద్భుత కట్టడాలు వరుసగా కట్టి గెలిచినవాడు డెయిటీలోనూ అదే దారి పడతాడు. కాని ఒక్కొక్క కట్టడం ప్రపంచంలో ఒక్కరికే దక్కుతుంది. మూడు ఊళ్లతో మొదలైన పొరుగురాజు దాన్ని ముందే ముగిస్తాడు. ఈలోగా కాపలా లేని ఊరి మీదికి సైన్యం వస్తుంది. ఓడినవాడు సాధారణంగా యంత్రం మోసం చేసిందంటాడు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు గాని, దానివల్ల తర్వాతి ఆట బాగుపడదు.

బాగుపడేది ఇలా. కొండ మీద నిలిచిన సేనకు రక్షణ ఎక్కువ. నది దాటి దాడి చేసేవాడి బలం తగ్గుతుంది. విలుకాడు రెండు గళ్ల దూరం నుండి బాణం వేయగలడు. పెద్ద సేన ఉన్నా కంప్యూటరు దాన్ని కూడగట్టుకుని రాదు, విడివిడిగా తోసుకువస్తుంది. గోడ వెనుక ఇద్దరు ముగ్గురు విలుకాండ్రను నిలిపితే ఆ సేన ఊరి ముందే కరిగిపోతుంది. ఇది మేకలు పులిని కట్టివేసే పద్ధతే. పొరుగురాజు దగ్గర ధనం ఎక్కువ కనుక, మిగులు సరకు అమ్మితే ఆ ధనమే ఆటగాడి ఊళ్లకు పనికివస్తుంది.

అందుకే ఒక స్థాయిలో గెలిచిన వెంటనే పైమెట్టుకు పోవడం కంటె, ఎందుకు గెలిచానో చెప్పగలిగేదాకా అక్కడే ఆగడం మేలు. సులువైన స్థాయి తప్పులను క్షమిస్తుంది కనుక తప్పులు కనిపించవు. మధ్యలో దాచిన ఆటను మళ్లీ తెరచి, యాభయ్యో వంతు నాటికి ఎన్ని ఊళ్లున్నాయో, ఎందరు కాపలా ఉన్నారో చూసుకునేవాడు త్వరగా పైకి వస్తాడు. "ఇంకొక్క వంతు" అంటూ తెల్లవారేదాకా కూర్చునేవాడికి ఆ తీరిక దొరకదు. మామూలు వేగంతో ఆడితే ఈ ఆట 500 వంతులు. మొదటి వంద వంతుల్లో నిలదొక్కుకున్న రాజ్యాన్ని డెయిటీలో కూడా కంప్యూటరు కూల్చడం కష్టం.