ఇంటి కప్పు – గాలి దారి

పాఠ్యభాగ సందర్భం

2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వేయిమందికి పైగా మరణించారు. వేసవి వచ్చిందంటే మధ్యాహ్నవేళ ఇంటిపట్టున ఉండవలసిందిగా అధికారులు హెచ్చరిస్తూ ఉంటారు. ఆ ఇల్లే కొలిమిలా కాగుతున్నప్పుడు ఇంటిపట్టున ఉండి ప్రయోజనం ఏమిటి? నివాసగృహం ఎండ వేడిని ఎంతవరకు ఆపుతున్నది, గాలిని ఎంతవరకు రానిస్తున్నది అనే రెండు విషయాలను పరీక్షించి తెలుసుకొనే తీరును ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

కూడు, గుడ్డ, గూడు అనే మూడు అవసరాలలో మొదటి రెండింటిని పరీక్షించనిదే ఎవరూ కొనరు. బియ్యపు గింజను పంటికింద పెట్టి చూస్తారు. బట్టను వేళ్ల మధ్య నలిపి చూస్తారు. గూటి విషయం వచ్చేసరికి మాత్రం అద్దె, నీటి వసతి, సింహద్వారపు దిక్కు అనే మూడింటితో విచారణ ముగుస్తుంది. సింహద్వారం ఏ దిక్కున ఉన్నదని పదిమందిని అడిగేవారు, సాయంకాలపు ఎండ ఏ గోడ మీద పడుతుందని ఒక్కరినైనా అడగరు. పడమటి గోడకు ఆనించి మంచం వేసుకొన్న తరువాత గాని ఆ సంగతి వారికి తెలిసిరాదు.

సంస్కృతంలో కిటికీకి ‘వాతాయనం’ అని ఒక పేరు. వాతం అంటే గాలి, అయనం అంటే దారి. ‘గవాక్షం’ అనే మరొక పేరుకు ఆవుకన్ను అని వ్యుత్పత్తి. దాని వికృతి అయిన ‘గవాచి’ చిన్న కిటికీకి పేరుగా తెలుగులో నిలిచింది. ఆంగ్లంలోని ‘విండో’ అనే పదం కూడా ‘గాలికన్ను’ అనే అర్థం గల ప్రాచీన నార్స్ పదం నుండి పుట్టినదే. ఎంతో దూరాన ఉన్న రెండు జాతులు కిటికీని కన్నుతో పోల్చుకోవడం, గాలితో ముడిపెట్టడం గమనించదగిన విషయం. కదలని అద్దాలు బిగించిన నేటి కిటికీ వెలుతురుకు దారి అయినది గాని గాలికి దారి కాలేకపోయింది.

పూర్వపు ఇళ్లలో ఈ ఎరుక కనిపిస్తుంది. ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టింటి తాటాకు కప్పు గుండ్రని మట్టిగోడలకు ఎండ తగలకుండా చాలా కిందికి దిగి ఉంటుంది. కృష్ణా, గోదావరి జిల్లాలలోని మండువా లోగిలిలో నడుమ ఆకాశానికి తెరచి ఉంచిన చోటి నుండి వేడిగాలి పైకి పోతుంది. చుట్టూ ఉన్న వసారాలలోని గాలి ఆ చోటిని భర్తీ చేస్తుంది. పెంకుల కింద ఉండే అటక పాత సామాను దాచే చోటు మాత్రమే కాదు. పెంకుల వేడి గదిలోకి దిగకుండా నడుమ నిలిచే గాలిపొర అది. రాయలసీమ, తెలంగాణ పల్లెలలోని మట్టిమిద్దెలకు మందమైన గోడలు, దూలాల మీద దట్టంగా పరచిన మట్టి రక్ష. అవి పగటి వేడిని మెల్లగా పీల్చుకొని, పొద్దు వాలే వరకు లోపలివారికి తెలియనీయవు. అయితే పాత ఇళ్లన్నీ సుఖప్రదమైనవే అనుకోవడం సరికాదు. కిటికీ లేని మిద్దెలో కట్టెలపొయ్యి ముందు కూర్చున్న గృహిణి కన్నులు, ఊపిరితిత్తులు ఎంత బాధపడినవో చెప్పనలవి కాదు. వేడిని ఆపిన గోడ పొగను కూడా ఆపింది. అందుచేత ఉష్ణ నిరోధం, గాలి ప్రసారం అనే రెండింటిని విడివిడిగా చూడరాదు.

నేడు ఊరూరా కనిపించే కాంక్రీటు డాబాకు ఈ రెండు చిక్కులూ ఉన్నాయి. దాని మందం సాధారణంగా నాలుగైదు అంగుళాలు. తెలుగు నేల సుమారు 13, 20 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉన్నందువల్ల, ఏప్రిల్ చివరి నుండి మే మూడవ వారం లోపల ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క రోజున మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. హైదరాబాదులో అది మే రెండవ వారం. ఆ రోజులలో గోడల కంటే కప్పు మీదనే ఎండ ఎక్కువగా పడుతుంది. డాబా పైభాగం 60 డిగ్రీల సెల్సియస్ వరకు కాగవచ్చు. ఆ వేడి కాంక్రీటు గుండా కొన్ని గంటలు ఆలస్యంగా దిగి, బయట చల్లబడిన తరువాత కూడా పడుకొన్నవారి మీదికి ప్రసరిస్తూనే ఉంటుంది. ఫ్యాను ఆ వేడిగాలినే తిప్పుతుంది. పగలంతా ఎండలో పనిచేసిన దేహం రాత్రి చల్లబడకపోతే మరునాటి ఎండకు తట్టుకొనే శక్తి దానికి తగ్గుతుంది. వృద్ధులకు, పసిపిల్లలకు ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

కనుక ఇంటిని పరీక్షించవలసిన సమయం పగలు కాదు. వేసవిలో రాత్రి తొమ్మిది, పది గంటల వేళ. స్టూలు ఎక్కి కప్పు అడుగుభాగానికి అరచేతిని దగ్గరగా ఉంచితే పొయ్యి మీద నుండి దించిన పెనం సెగలా తగులుతుందో లేదో తెలుస్తుంది. అదే విధంగా పడమటి గోడను, తూర్పు గోడను తాకి పోల్చాలి. రెండు ఉష్ణమాపకాలు దొరికితే ఒకటి కప్పు దగ్గర, ఒకటి మంచం ఎత్తున వ్రేలాడదీసి చూడవచ్చు. నిపుణులు థర్మల్ కెమెరాతో గోడలోని వేడి చోట్లను రంగులలో చూపుతారు. అది లేనంత మాత్రాన పరీక్ష ఆగనవసరం లేదు. రేకుల ఇంటి తీరు దీనికి భిన్నం. పలుచని రేకు వేడిని దాచుకోదు; మధ్యాహ్నం నిప్పులు చెరిగి, చీకటి పడగానే త్వరగా చల్లబడుతుంది. ఆ ఇంటిని మిట్టమధ్యాహ్నం పరీక్షించాలి.

కప్పు వేడిని తగ్గించే ఉపాయాలలో అన్నింటికంటే చౌకైనది సున్నం. నల్లబడిన కాంక్రీటు తన మీద పడిన ఎండలో ఎక్కువ భాగాన్ని పీల్చుకుంటుంది. కొత్తగా వేసిన తెల్లని పూత ఎక్కువ భాగాన్ని తిప్పిపంపుతుంది. 2017లో హైదరాబాదులోని దేవరకొండ బస్తీలో 25 చిన్న ఇళ్ల కప్పులపై తెల్లని పొర పరచి పరిశీలించగా లోపలి గాలి సగటున 2 డిగ్రీలు తక్కువ వేడిగా ఉన్నట్లు తేలింది. ఆ దారిలోనే తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల మేర ఇటువంటి కప్పులు ఉండాలని లక్ష్యంగా పెట్టుకొన్నది. తెలుపు మీద దుమ్ము చేరితే గుణం తగ్గుతుంది కాబట్టి పూతను మళ్లీ మళ్లీ వేయవలసి ఉంటుంది. థర్మోకోల్ వంటి పదార్థం కాంక్రీటు కంటే సుమారు నలభై రెట్లు తక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. దానిని గది లోపల కాక డాబా పైభాగాన పరచి, నీరు దిగకుండా కప్పివేస్తే కాంక్రీటే చల్లగా ఉంటుంది. బోర్లించిన మట్టికుండలను పేర్చి పైన గచ్చు చేసే పద్ధతిలో కూడా పనిచేసేది కుండలలోని గాలియే.

ఇక గాలి సంగతి. కేంద్ర ప్రభుత్వం 2018లో వెలువరించిన ‘ఎకో నివాస్ సంహిత’ అనే నియమావళి, ఉక్కపోత గల తీరప్రాంతపు ఇళ్లలో తెరవగలిగిన కిటికీల వైశాల్యం నేల వైశాల్యంలో ఆరవ వంతు, హైదరాబాదు వంటి మిశ్రమ వాతావరణంలో ఎనిమిదవ వంతు ఉండాలని చెబుతున్నది. ఇక్కడ ‘తెరవగలిగిన’ అనే మాట ముఖ్యం. విజయవాడలో 120 చదరపు అడుగుల గదికి 20 చదరపు అడుగుల కిటికీ ఉంటే లెక్క సరిపోయినట్లే కనిపిస్తుంది. కాని అది పక్కకు జరిపే అద్దాల కిటికీ అయితే ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. గాలికి దక్కేది పది అడుగులే. పైగా వచ్చిన గాలికి పోయే దారి లేకపోతే పెద్ద కిటికీ కూడా వ్యర్థం. అగరుబత్తి వెలిగించి కిటికీ దగ్గర పట్టుకొంటే ఇది కంటికి కనిపిస్తుంది. పొగ అడ్డంగా సాగి ఎదుటి తలుపు వైపు పోతే గాలి ఆడుతున్నట్లు. నిలువుగా లేచి కప్పు కింద గూడు కట్టితే గది మూసిన పెట్టె అయినట్లు. దోమల భయంతో కిటికీలు మూసివేసే ఇళ్లలో జాలీ బిగించడమే సరైన చికిత్స.

వంటగదిలోను, స్నానాల గదిలోను పరీక్ష మరింత జాగ్రత్తగా చేయాలి. గాలి రాని స్నానాల గదిలో గ్యాస్ గీజర్ వెలిగితే రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వాయువు పేరుకొంటుంది. స్నానం చేస్తున్నవారు స్పృహ తప్పి ప్రాణాలు కోల్పోయిన సంఘటనలు ఉన్నాయి. ఆ పరికరం గది వెలుపల ఉండడమే క్షేమం. శ్రావణ భాద్రపదాలలో బీరువా వెనుక గోడను కూడా చూడాలి. అక్కడి నల్లని బూజు మచ్చలు చెమ్మ నిలిచినదనడానికి, గాలి కదలనిదనడానికి గుర్తులు.

ఏ.సి. గదిలో పగుళ్లన్నీ పూడ్చినవారు ఉదయాన తలబరువుతో లేస్తే దోషం యంత్రానిది కాకపోవచ్చు. లోపలివారు విడిచిన గాలినే రాత్రంతా పీల్చుకొన్నారు. పగలు మూయడం, బయట చల్లబడిన తరువాత తెరవడం వేసవి ఇంటికి తగిన పద్ధతి.

అన్ని అంతస్తులలోను ఎక్కువ కష్టపడేది పై అంతస్తులో అద్దెకున్నవారు. కప్పు వారి నెత్తి మీద ఉన్నది గాని వారి చేతిలో లేదు. దానికి సున్నం వేయించవలసినవాడు ఇంటి యజమాని. అతడు తరచుగా కింది అంతస్తులోనే నివసిస్తాడు. ఇల్లు చూడడానికి వచ్చినవారు అడ్వాన్సు చెల్లించక ముందే డాబా ఎక్కి చూసి, వేసవికి ముందు పూత ఎవరు వేయించాలో మాట్లాడుకోవడం మంచిది.

పదాలు – అర్థాలు

వ్యుత్పత్తి = పదం పుట్టిన తీరు
వికృతి = సంస్కృత, ప్రాకృత పదం నుండి మార్పు చెంది తెలుగులో చేరిన రూపం
ఉష్ణ నిరోధం = వేడిని అడ్డగించడం
చెప్పనలవి కాదు = చెప్పడానికి సాధ్యం కాదు

ప్రశ్నలు

1. వేడిని ఆపడం, గాలిని రానివ్వడం అనే రెండింటిని కలిపి చూడాలని పాఠం ఎందుకు చెబుతున్నది? మట్టిమిద్దెను ఉదాహరణగా తీసుకొని వ్రాయండి.
2. డాబా ఇంటిని రాత్రివేళ, రేకుల ఇంటిని మధ్యాహ్నవేళ పరీక్షించాలనడానికి కారణం తెలపండి.
3. మీరు నివసించే గది నేల వైశాల్యాన్ని, తెరవగలిగిన కిటికీల వైశాల్యాన్ని కొలిచి, ఫలితాన్ని పది వాక్యాలలో వ్రాయండి.
4. విడదీసి సంధి పేరు తెలపండి: వాతాయనం, ఉత్తరాంధ్ర.