సున్న నుండి జేబు వరకు: గణిత పదముల దేశాటనము

కళాశాలలో క్రొత్తగా చేరిన విద్యార్థులను ఏ పాఠ్యవిషయము మిక్కిలి భయపెట్టునని అడిగినచో, అనేకులు గణితమనియే చెప్పుదురు. లెక్కలలోని కాఠిన్యము కొంత కారణమే. కాని ఆ లెక్కలను చుట్టుకొని ఉన్న అపరిచిత పదములు కూడ తక్కువ కారణము కావు. పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమములోనో, ఉర్దూ మాధ్యమములోనో చదివి వచ్చినవారికి ఆల్జీబ్రా, సైన్, సైఫర్ మొదలగు మాటలు ఓడ దిగిన సీమసరకు వలె తోచును. నిజమునకు ఈ మాటలలో కొన్ని మన దేశమున పుట్టి, కొన్ని బాగ్దాదున పెరిగి, ఐరోపా తిరిగి మరల మన గుమ్మము చేరినవి. కొన్నింటి తోబుట్టువులు నేటికిని మన బజారులలో, మన దుస్తులలో ఉన్నవి. ఈ సంగతి తెలిసినచో ఆ బెరుకు కొంత తీరునని మా విశ్వాసము.

ఎదురెదురు లిపులు, ఒకే దిక్కు అంకెలు

ఉర్దూ కుడి నుండి ఎడమకు నడచు లిపి. తెలుగు ఎడమ నుండి కుడికి నడచు లిపి. అయినను ఉర్దూ వాక్యము నడుమ 1857 వంటి సంవత్సరము వచ్చినపుడు వేల స్థానము ఎడమ ప్రక్కనే, ఒకట్ల స్థానము కుడి ప్రక్కనే ఉండును. తెలుగు పుటలోను అదే వరుస. అక్షరములు ఎదురెదురుగా నడచుచుండగా అంకెలు మాత్రము ఒకే దిక్కున నిలుచుటకు కారణమేమి?

స్థానమును బట్టి విలువ మారు ఈ దశాంశ పద్ధతి భారతదేశమున రూపొందినది. అరబ్బులు దానిని గ్రహించినపుడు స్థానముల వరుసను మార్చక యథాతథముగ నిలుపుకొన్నారు. అరబ్బీలో ఈ అంకెలకు 'అర్ఖామ్ హిందియ్యా', అనగా హిందూదేశపు అంకెలని పేరు. అంతకు పూర్వమే, క్రీ.శ. 662లో, యూఫ్రటీసు నదీతీరమందలి ఒక మఠమున ఉండిన సిరియా క్రైస్తవ పండితుడు సెవెరస్ సెబోఖ్త్ భారతీయుల తొమ్మిది అంకెల గణనమును ప్రశంసించినాడు. విద్య మతమును, సరిహద్దును అడిగి ప్రయాణము చేయలేదనుటకు ఇది యొక నిదర్శనము.

ఇచట విద్యార్థులకొక హెచ్చరిక అవసరము. అంకెను ఉర్దూలో 'హిందసా' అందురు. వినగానే ఇది 'హింద్' నుండి పుట్టినదని తోచుట సహజము. కాని మాట చరిత్ర వేరు. ఫారసీలో 'అందాజా' అనగా కొలత. అది అరబ్బీలో 'హందసా' అయి క్షేత్రగణితమునకు పేరైనది. పిదప ఉర్దూలో అంకె అను అర్థమును పొందినది. ఆ ఫారసీ పదమే వేరొక బాటను వచ్చి తెలుగున 'అందాజు' అయినది. "అందాజుగా ఎన్ని బస్తాలు పండును?" అని అడుగు రైతు తనకు తెలియకయే క్షేత్రగణితపు మూలపదమును పలుకుచున్నాడు! చెవికింపైన వ్యుత్పత్తి ఎల్లప్పుడును సత్యము కాదు. అయితే సత్యమైన వ్యుత్పత్తి ఒక్కొక్కప్పుడు అంతకంటె వింతగా ఉండును.

సున్న సంచారము

సంస్కృతమున 'శూన్యము', ప్రాకృతమున 'సుణ్ణ', తెలుగున 'సున్న'. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుట సిద్ధాంతమున సున్నను ఒక సంఖ్యగా గ్రహించి, దానితో కూడికకు, తీసివేతకు, గుణకారమునకు నియమములు చెప్పినాడు. గ్వాలియరు కోటలోని చిన్న గుడియందు క్రీ.శ. 876 నాటి శాసనమొకటి ఉన్నది. దేవుని పూలతోట పొడవు 270 హస్తములనియు, దినమునకు 50 పూలమాలలు సమర్పింపవలెననియు అందు చెక్కబడినది. ఆ రెండు సంఖ్యల చివర నేడు మనము వ్రాయు గుండ్రని సున్నయే కనబడును.

శూన్యమును అరబ్బులు 'సిఫ్ర్' అని అనువదించినారు. దానికిని ఖాళీ అనియే అర్థము. ఉర్దూ విద్యార్థి నేటికిని సున్నను 'సిఫర్' అనుచున్నాడు. ఇటలీలోని పీసా నగరవాసి లియొనార్డో, ఫిబొనాచి అను పేర ప్రసిద్ధుడు, బాల్యమున ఉత్తర ఆఫ్రికాలోని బుజియా రేవులో ఈ లెక్కలు నేర్చి 1202లో 'లిబెర్ అబాచి' అను గ్రంథము వ్రాసినాడు. అందు సిఫ్ర్ 'జెఫిరుమ్' అయినది. ఆ జెఫిరుమ్ అరిగి అరిగి 'జీరో' అయినది. అదే సిఫ్ర్ మరొక దారిని 'సైఫర్' అయి, పిదప రహస్యలిపికి కూడ పేరైనది. సున్న, సిఫర్, జీరో అను మూడు మాటలలో మొదటిది మూలము, రెండవది దాని అనువాదము, మూడవది ఆ అనువాదమునకు ఐరోపా ఉచ్చారణ.

విరిగిన ఎముక, విరిగిన సమీకరణము

క్రీ.శ. 820 ప్రాంతమున బాగ్దాదులో ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ ఒక లెక్కల పుస్తకము వ్రాసినాడు. వారసత్వపు పంపకములు, వర్తకము, భూముల కొలతలు మొదలగు వ్యవహారములందు జనులకు ఉపకరించుటకై అది వెలువడినది. ఆ గ్రంథనామములోని 'అల్ జబ్ర్' అను మాటయే ఆల్జీబ్రా. రచయిత పేరు లాటినులో మారి మారి 'ఆల్గరిదమ్' అయినది. నేటి కంప్యూటరు శాస్త్రమంతయు ఆ పేరును జపించుచున్నది.

ఉర్దూలో 'జబ్ర్' అనగా నిర్బంధము. ఆల్జీబ్రా నిజముగా నిర్బంధమేనని నవ్వు విద్యార్థులు లేకపోలేదు. కాని ఆ గణితమున ఉద్దేశించిన అర్థము పునరుద్ధరణము. విరిగిన ఎముకను స్వస్థానమున చేర్చుట కూడ అరబ్బీలో జబ్రే. స్పెయినులో ఎముకలు కట్టువానిని పూర్వము 'అల్జెబ్రిస్తా' అనెడివారు. పది నుండి ఒక సంఖ్యను తీసివేయగా ఆరు మిగిలినదనుకొందము. తీసివేతతో విరిగిన ఆ పదిని పూరించుటకు తెలియని సంఖ్యను ఇరుప్రక్కల చేర్చినచో, పది అనునది ఆరుకును ఆ సంఖ్యకును కూడికయగును. ఇది జబ్ర్. పిదప ఇరుప్రక్కల నుండి ఆరును తీసివేసి నాలుగు అని తేల్చుట 'ముఖాబలా'. మరియొక మాట: మన 'జబర్దస్తీ'కిని ఈ జబ్ర్‌కును చుట్టరికము లేదు. అది 'జబర్', 'దస్త్' అను రెండు ఫారసీ మాటల కలయిక. పైచేయి అని భావము.

జేబులో దాగిన జ్య

అన్నింటికంటె వింతయైన కథ సైన్ అను మాటది. వృత్తమందలి చాపమును విల్లుగా భావించినచో, దాని రెండు కొనలను కలుపు సరళరేఖ అల్లెత్రాడు. సంస్కృతమున అల్లెత్రాటికి 'జ్యా' అనియు, 'జీవా' అనియు పేర్లు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయమున ఈ అల్లెత్రాటిలో సగమునకు, అనగా అర్ధజ్యకు, 24 విలువలు చెప్పబడినవి. నేటి సైన్ పట్టికకు అదియే పూర్వరూపము.

అరబ్బులు 'జీవా' శబ్దమును అనువదింపక 'జీబ్' అని తమ లిపిలో వ్రాసికొన్నారు. ఆ మాటకు అరబ్బీలో అర్థము లేదు. కాని అవే మూడక్షరములను 'జైబ్' అని చదువవచ్చును. జైబ్ అనగా అంగీ మెడ కడ ఉండు చీలిక, రొమ్ము మీది మడత. అలవాటు చొప్పున జనులు అట్లే చదివినారు. 12వ శతాబ్దిలో లాటిను అనువాదకులు ఆ అర్థమునే గ్రహించి, మడతకు తమ భాషలో గల 'సినుస్' అను మాటను వాడినారు. ఆ సినుస్సే సైన్.

ఇక జైబ్ మాటయో, ఫారసీ, ఉర్దూల మీదుగా దక్కనుకు వచ్చి మన 'జేబు' అయినది. గణితపు గంటలో నల్లబల్ల మీద సైన్ వ్రాయు విద్యార్థి చొక్కాకు కుట్టిన జేబును, ఆ సైనును ఒకే అరబ్బీ మాటతో ముడివడి ఉన్నవి. అరబ్బీలో నేటికిని రెండింటికిని జైబ్ అనియే పేరు.

అనువాదకుల ఋణము

ఈ కథలన్నింటిలో సామాన్యముగా కనబడు వ్యక్తి అనువాదకుడు. అతడు లేనిచో సున్న మన దేశమున, జబ్ర్ బాగ్దాదున నిలిచిపోయి యుండును. మన తెలుగునాట పావులూరి మల్లన 11వ శతాబ్దిలో మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథమును తెనిగించినాడు. జైన పండితుని లెక్కలు తెలుగు పద్యములలో నడచినవి. హైదరాబాదులో 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూను బోధనభాషగా స్వీకరించినది. దానికి కావలసిన శాస్త్ర గ్రంథములను సిద్ధపరచుటకై 1917లోనే 'దారుల్ తర్జుమా' అను అనువాద సంస్థ వెలసినది. అదే నగరమున 1968లో తెలుగు అకాడమి స్థాపితమై కళాశాల పాఠ్యగ్రంథములను తెలుగున వెలువరింప పూనుకొన్నది. ఒకే ఊరిలో, అర్ధశతాబ్ది ఎడముతో, రెండు భాషలు ఒకే పనికి నడుము కట్టినవి.

పండితులు చేసిన ఈ పనిని బజారులో జనులు ఏనాడో చేసినారు. ఉర్దూ లెక్కలలో కూడిక 'జమా'. తెలుగు పద్దులో చేరిన సొమ్ము 'జమ'. తీసివేయగా మిగిలినది 'బాఖీ'. మన ఊళ్లలో చెల్లింపక మిగిలినది 'బాకీ'. వ్రాయు కలము, ఉర్దూలో 'ఖలమ్', రెల్లుపుల్ల అను అర్థము గల గ్రీకు మాట 'కలమోస్'కు బంధువు. ఆంగ్ల పదమనుకొను కాగితముల 'రీము' అరబ్బీలోని 'రిజ్మా', అనగా మూట.

కావున విద్యార్థులకు మేము విన్నవించునది ఒక్కటే. పాఠములో పరాయి మాట కనబడినపుడు బెదరి పుస్తకము మూయవలదు. ఇది ఎచటి నుండి వచ్చినదని అడుగుడు. అడుగుటకు దూరము పోనక్కరలేదు. ప్రక్క బల్లపై కూర్చున్న సహాధ్యాయి భాషలో దాని అన్నయో చెల్లెలో ఉండవచ్చును. ఒక చిన్న పుస్తకమున మూడు గళ్లు గీచి, ఆంగ్ల పదమును, ఉర్దూ పదమును, తెలుగు పదమును ప్రక్క ప్రక్కన వ్రాయుచు పోవుడు. నిఘంటువు చూచి సరిచూచుకొనుడు. సంవత్సరాంతమున మూడు భాషలలో గణితము కొంత సుపరిచితమగుటయే గాక, విద్య అను ఆస్తిలో ఏ ఒక్కరి వాటాయు వేరుచేయుటకు వీలు లేదని కూడ బోధపడును. ఆ పంపకము అల్ ఖ్వారిజ్మీ లెక్కలకును అందదు.