విదేశీ సొమ్ము: ఫెమా నుంచి పేనౌ దాకా

హైదరాబాద్ ఫ్రీలాన్సర్ ఖాతాలో ఆన్‌లైన్‌లో పడే డాలర్లకైనా వర్తించేది విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా)-1999. అమలు 2000 జూన్ 1 నుంచి. ముందున్నది 1973 నాటి ఫెరా. దాని ఉల్లంఘన క్రిమినల్ నేరం, ఫెమాలో సివిల్ తప్పిదం. పోటీ పరీక్షల అభ్యర్థులు ఈ తేడా తప్పక గుర్తుంచుకోవాలి.

ఇలాంటి చెల్లింపులకు బ్యాంకులు వాడే స్విఫ్ట్ వ్యవస్థ 1973లో ఏర్పడింది. ప్రధాన కార్యాలయం బెల్జియంలో. స్విఫ్ట్ కోడ్ పొడవు 8 లేదా 11 క్యారెక్టర్లు. అభ్యర్థులు పొరబడేది ఒకచోటే: స్విఫ్ట్ డబ్బును తరలించదు, బ్యాంకుల మధ్య సందేశాలు చేరవేస్తుంది.

ఖాతాలపై జతపరిచే ప్రశ్నకు అవకాశం ఎక్కువ. ప్రవాసుల విదేశీ ఆర్జనకు ఎన్‌ఆర్‌ఈ: రూపాయల ఖాతా, అసలు, వడ్డీ రెండూ స్వేచ్ఛగా వెనక్కి పంపుకోవచ్చు. భారత్‌లో వచ్చే అద్దె, పింఛన్ల వంటి వాటికి ఎన్‌ఆర్‌ఓ. ఇందులోని నిల్వ నుంచి ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల వరకే విదేశాలకు పంపవచ్చు. ఎఫ్‌సీఎన్‌ఆర్(బి) మాత్రం విదేశీ కరెన్సీ డిపాజిట్, గడువు 1-5 ఏళ్లు. మన ఫ్రీలాన్సర్‌కు, ఎగుమతిదారులకు పనికొచ్చేది ఈఈఎఫ్‌సీ ఖాతా. విదేశీ మారక ఆర్జనలో 100 శాతం జమ చేసుకోవచ్చు, వడ్డీ రాదు.

తేదీలూ ముఖ్యమే. 2023 ఫిబ్రవరి 21న యూపీఐ, సింగపూర్ చెల్లింపుల వ్యవస్థ పేనౌ అనుసంధానమయ్యాయి. అదే ఏడాది అక్టోబరు 31న సీమాంతర పేమెంట్ అగ్రిగేటర్లపై ఆర్‌బీఐ మార్గదర్శకాలు వెలువడ్డాయి. వాటిలో ఒక్కో వస్తువు లేదా సేవకు గరిష్ఠ పరిమితిని రూ.25 లక్షలుగా నిర్ణయించారు.